బీర్కూరు నుండి సికింద్రాబాదునకు: ఒక యక్షరాల పెట్టె కొఱకు

మా యూరు బీర్కూరు. మంజీరానది చెంతనున్న యీ గ్రామమును మీలో ననేకులు చూచియుండరు. మంజీరమనగా కాలియందె. మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో బుట్టి, కర్ణాటకమున బీదరు సీమను దాటి, మా సీమ జొచ్చి, కందకుర్తికడ గోదావరిలో గలయు నీ నది వేసవిలో నిసుక తిన్నెలకే పేరు. వానకాలమున మాత్రము తన పేరునకు దగినట్లు మ్రోయును. మాకు ఎగువను 1923 మొదలు 1931 వఱకు గట్టిన నిజాంసాగర మున్నది. ఆ నీటి చలువవలన నెటు చూచినను వరిచేలే కానవచ్చును. మేము పూర్వము నిజామాబాదు జిల్లావారము. 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లావారమైతిమి. ఏ జిల్లా యైనను మాకు పెద్దబజారు బాన్సువాడయే. పుస్తెలతాడు మొదలుకొని పుస్తకములవఱకు అక్కడనే కొందుము. కాని గత దసరా సెలవులలో నాకు గావలసివచ్చిన వస్తువు బాన్సువాడలోనే కాదు, కామారెడ్డిలోను దొరకలేదు. దాని పేరు ఫ్లాషు కాట్రిడ్జి.

సోదరీమణులారా, నవ్వకుడు. నేను బడిపంతులు భార్యను. మా తండ్రిగారి కడ భారతభాగవతములు చదువుకొన్నదానను గాని యంత్రములనిన నాకు మిక్సీయే యెక్కువ. ఇట్టిదానను నేనొక యాటపెట్టెలో బెట్టు బిళ్ళకొఱకు పిల్లవానిని వెంటబెట్టుకొని సికింద్రాబాదు పోయితిననిన దానికి కారణము మా యత్తగారు.

అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. అక్షరము రాదు. మా వాడలోని పొదుపు సంఘములో ఆమె మొదటినుండియు సభ్యురాలు. లెక్కలన్నియు నోటితోనే చెప్పగలదు. ఎవరెన్ని వాయిదాలు తప్పినదియు ఆమెకే తెలియును. కాని పుస్తకమున మాత్రము వేలిముద్ర వేయవలసినదే. తనకంటె చిన్నవారందఱు సంతకము చేయుచుండ, తాను వ్రేలికి సిరా పూసుకొని, పిమ్మట కొంగుతో దుడుచుకొనుట ఆమెకు మనస్సులో నెంత గ్రుచ్చుకొనుచుండెనో నేను చాలకాలము గ్రహింపలేదు. పలక తెచ్చి నేర్పబోయితిని. రెండు దినములు కూర్చుండెను. మూడవనాడు మనుమరాలు "నానమ్మా, అ ఇట్లా కాదు" అని నవ్వినది. ఆ పలక మరల నటకమీది కెక్కినది.

దుబాయిలో పనిచేయు మా తమ్ముడు మూడేండ్ల క్రింద వచ్చినప్పుడు మేనల్లునికి గేమ్ బాయ్ అడ్వాన్సు ఎస్పీ యను పాత యాటపెట్టె నొకదానిని తెచ్చియిచ్చినాడు. 2003లో విడుదలయిన యంత్రమది. అద్దపు భరిణెవలె మూత తెఱచుకొనును, అరచేతిలో నిముడును. ఒకనాటి మధ్యాహ్నము పిల్లలు బడికి బోయిన తరువాత నేను పెరటినుండి వచ్చిచూడగా, అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుండి ఆ పెట్టె మీటలు నొక్కుచు బొమ్మను గెంతించుచుండిరి. నన్ను జూచి మూత మూసి "గిది మంచిగుంది బిడ్డా, తప్పుజేస్తే ఎవ్వలు నవ్వరు" అనిరి. ఆ మాట నేను మా పిల్లవానితో జెప్పితిని. వాడు తొమ్మిదవ తరగతి. రెండు దినములు మాటాడక తిరిగి, మూడవనాడు "అమ్మా, నానమ్మకు నేనే అక్షరాల ఆట జేస్త" అనెను.

ఇది బాలుర ప్రగల్భమని తలచితిని, కాని కాదు. క్రిస్ మాల్ట్‌బీ యను బ్రిటిషు దేశస్థుడు 2019లో జీబీ స్టూడియో యను నొక సాధనమును లోకమునకు ఉచితముగా నిచ్చినాడు. దానితో గణకయంత్ర భాష రానివారుకూడ బొమ్మలు గీసి, పాత గేమ్ బాయ్ పెట్టెలలో నడచు నాటలను గట్టవచ్చును. కంప్యూటరు తెరమీద వాడు గట్టిన యాట చక్కగనే నడచినది. అయితే అత్తగారు కంప్యూటరు ముందు గూర్చుండరు. ఆమెకు గావలసినది గోడవైపు తిరిగి పట్టుకొనదగిన పెట్టె.

అక్షరములు గీయుట నా వంతు వచ్చినది. ఆ తెర అడ్డముగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. దాని నెనిమిదేసి చుక్కల చదరపు గళ్ళుగా భాగించిరి; అడ్డమునకు 20 గళ్ళు, నిలువునకు 18. ఇంగ్లీషు అక్షరము ఒక్క గడిలో నిముడును. మన తెలుగక్షరము దలకట్టుతో, గుడితో, వత్తుతో నెనిమిది చుక్కలలో నెట్లు పట్టును? నేను గళ్ళ కాగితము మీద పెన్సిలుతో నెన్నిసార్లు గీసినను 'ఘ'యు 'ఝ'యు నల్లిపురుగులవలె నుండెను. తుదకు ఒక్కొక్క యక్షరమునకు నాలుగేసి గళ్ళు, అనగా పదునాఱు చుక్కల చదర మిచ్చితిమి. అప్పు డింకొక చిక్కు. అన్ని రకముల గేమ్ బాయ్ పెట్టెలలోను నడువవలెననిన, ఒక దృశ్యమున వేఱువేఱు గళ్ళు 192కు మించరాదట. అచ్చులు 16, హల్లులు 36. మొత్తము 52ను నాలుగుచే గుణించిన 208! పాణినికైనను ఇట్టి చిక్కు రాలేదు. కావున అచ్చుల కొక దృశ్యము, హల్లుల కొక దృశ్యము చేసితిమి. పదునాఱు చుక్కల లెక్కను పంక్తికి పదియక్షరములు పట్టును. ఉత్పలమాల పాదమున కిరువది యక్షరములు గనుక రెండు పంక్తులలో సరిగ్గా గూర్చుండును. చంపకమాలయైన నొక్క యక్షరము మూడవ పంక్తికి జాఱి యొంటరిగా నిలుచును. ఇది ఆటకు బనికిరాని సంగతియే గాని నాకు తోచినది వ్రాసితిని.

ఇక కాట్రిడ్జి సంగతి. అంగడిలో నమ్ము సాధారణపు కాట్రిడ్జిలోని యాట తామ్రశాసనము వంటిది. ఫ్యాక్టరీలో నొకసారి చెక్కిన చెక్కినదే. ఫ్లాషు కాట్రిడ్జి పలకవంటిది. వ్రాయవచ్చును, తుడువవచ్చును, మరల వ్రాయవచ్చును. జపానులో తోషిబా సంస్థయందు పనిచేసిన ఫుజియో మసువోకా 1980ల తొలి సంవత్సరములలో కనిపెట్టిన ఫ్లాషు జ్ఞాపకమే దీనికి మూలము. మన ఫోనులలోను నదియే యున్నది. తమ స్వంత యాటను పెట్టెలో నడిపించుకొనగోరువారికి ఈ పలకయే తగిన మార్గము.

అయితే మేము మొదట మోసపోతిమి. పేరు చెప్పను, ఫోనులో జూచి తెప్పించిన చవక సరకు. 'వంద యాటలు' అని పైన బొమ్మ. వచ్చిన తరువాత జూడగా, అవే పది యాటలు పేర్లు మార్చుకొని వంద యైనవి. మనము వ్రాయుటకు వీలే లేదు. మీట ఆర్పగానే ఆడినదంతయు మఱచిపోవును. దానికి ఖర్చుపెట్టిన సొమ్ము మాది కాదు. అత్తగారు తమ పింఛనులోనుండి కొంగున ముడివేసి దాచి, "అక్షరాల పెట్టెకు" అని పిల్లవాని చేతిలో బెట్టిన సొమ్ము. ఆ బిళ్ళ వచ్చిననాడు ఆమె యేమియు ననలేదు. "పోనీ తియ్" అనిరి. వాడు మాత్రము ఆ రాత్రి అన్నము తినలేదు. మా వారు సంగతి విని, ఇక నీ వ్యవహారము చాలించి చదువుకొమ్మనిరి. నేను బ్రతిమాలగా, ఈసారి కన్నులతో జూచి, చేతితో బట్టి కొనవలెననియు, మా తమ్ముడు పంపిన పండుగ సొమ్మును మించి పైస పెట్టరాదనియు నియమము పెట్టిరి.

తెల్లవాఱకమునుపే బయలుదేఱితిమి. బాన్సువాడ చేరి, అక్కడ కామారెడ్డి బస్సెక్కితిమి. 2023 డిసెంబరు 9 నుండి మా రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు గదా; ఆధార్ కార్డు చూపి నేను సున్న టిక్కెట్టు దీసికొంటిని, పిల్లవానికి మాత్రము కొంటిని. వాడు "అమ్మా, నీకంటె నేనే ఖరీదైనోణ్ణి" అని నవ్వెను. ఆ బిళ్ళ వచ్చిన తరువాత వాడు నవ్వుట అదియే మొదటిసారి. కామారెడ్డినుండి 44వ జాతీయ రహదారి. భిక్కనూరు, రామాయంపేట, తూప్రాను, మేడ్చలు వరుసగా వెనుకకు బోయినవి. మా వైపు పచ్చగానున్న నేల దక్షిణమునకు బోయినకొలది ఱాలు తేలి, బండలు గుట్టలై, పిమ్మట గోదాములును, పెండ్లిపందిళ్ళ తోటలును, మేడలును నయ్యెను. జూబిలీ బస్టాండులో దిగునప్పటికి ఎండ నెత్తికి వచ్చినది. బస్టాండులోనే ఇంటినుండి తెచ్చిన జొన్నరొట్టెయు పప్పుల పొడియు దిని, ఆటోలో పార్క్‌లేను చేరితిమి.

ప్యారడైజు చౌరస్తాకు దగ్గఱగానున్న యీ వీధిలో చెనాయ్ ట్రేడ్ సెంటరు మొదలైన కట్టడములన్నియు కంప్యూటరు సామగ్రితో నిండియున్నవి. కూరల బజారులో బీరకాయలు వ్రేలాడునట్లు తీగెలు వ్రేలాడుచుండును. జనము నడుమ నా చీరకొంగు పట్టుకొని నడువవలసిన పిల్లవాడు నా చేయి పట్టుకొని నన్నే నడిపించినాడు. మొదటి యంగడివాడు మా పెట్టెను జూచి "ఇవి ఇప్పుడు రావమ్మా" అని తల ద్రిప్పుకొనెను. రెండవవాడు మంచిమాటకారి. "అక్కా, ఈ బిళ్ళ తీసుకోండి, దీనిల ఐదువందల ఆటలు నింపి ఇస్త, నింపినందుకు పైస వద్దు" అనెను. పిల్లవాని కన్నులు పెద్దవైనవి. నేను వానివైపు జూచితిని, ఏమియు ననలేదు. వాడును కొంతసేపు ఊరకుండి "మా నాన్న కాపీ కొట్టినోళ్ళను బెంచీ ఎక్కిస్తడు" అని మెల్లగా ననెను. అంగడివానికి అర్థము కాలేదు.

ఈ సంగతి కొంచెము విప్పి చెప్పవలెను. ఏలయన ఈ బిళ్ళ పేరెత్తగానే కొందఱు దొంగసొత్తని ముఖము చిట్లింతురు. నింటెండో డీఎస్ యను తరువాతి పెట్టెకు వచ్చిన ఆర్4 యను బిళ్ళలను జపానులో 2009లోను, బ్రిటనులో 2010లోను న్యాయస్థానములు నిషేధించిన మాట నిజము. వాటితో జనులు ఆటలను కొనక యెత్తుకొనుటయే కారణము. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము, న్యాయముగా కొన్న ప్రోగ్రాము చెడిపోవునేమో యని దానికొక నకలు దాచుకొనుట నొప్పుకొనును. ఇతరుల యాటలు వందలుగా నింపి యమ్ముట నొప్పుకొనదు. పలక తప్పు చేయదు గదా. దానిపై నేమి వ్రాసితిమన్నదే ప్రశ్న. మేము వ్రాయబోవునది మా పిల్లవాడు గట్టినది, నేను గీసినది.

మూడవచోటు పైయంతస్తున నొక యిఱుకు గది. పాత యాటపెట్టెలు బాగుచేయు నాతడు, నడివయస్కుడు, కంటికి భూతద్దము పెట్టుకొని పనిచేయుచుండెను. మా మాట పూర్తిగా విన్న తరువాత "ఎవరు ఆడుతరమ్మా?" అని యడిగెను. మా యత్తగారంటిని. ఆయన నవ్వలేదు. పెట్టెలోనుండి మూడు బిళ్ళలు దీసి బల్లపై బెట్టెను.

ఒకటి ఎవర్‌డ్రైవు. యుక్రెయిను దేశమున క్రిక్జ్ యను పేర బరగు నాతడు చేయునది. దీనిలో చిన్న మెమొరీ కార్డు పెట్టి, ఎన్ని యాటలనైన నుంచి, కావలసినదానిని ఎంచుకొనవచ్చును. ఇందు మేలు రకమునకు లోన గడియారమును, ఆట నడుమ నాగినచోటనే నిలుపుకొను వసతియు గలవు. చిన్న రకమున నవి లేవు. పైగా ఆర్పుటకుముందు ఒక మీట నొక్కి మరలినగాని ఆడినది కార్డు కెక్కదు. రెండవది ఈజెడ్ ఫ్లాషు జూనియరు, చీనావారిది, పని మొదటిదానివంటిదే, వెల తక్కువ. మూడవది చూచుటకు బీదది. ఒక్క యాటయే పట్టును. కంప్యూటరునకు దగిలించు నొక పనిముట్టుతో ఆ యాటను వ్రాయవలెను. మార్చవలసిన దుడిచి మరల వ్రాయవలెను.

పిల్లవాని మనస్సు మొదటిదానిమీదనే. చిన్న రకమైనచో మా సొమ్ము చాలును. అందులో నానమ్మ యాటయు నుండును, వాడు ముందుముందు గట్టబోవు నాటలన్నియు నుండును. న్యాయమైన కోరికయే. నేను యంత్రజ్ఞురాలను గాను గనుక నాకు తోచిన ప్రశ్న యొక్కటే యడిగితిని: "మీట వేయగానే ముందుగా నేమి కనబడును?" ఆయన వేసి చూపెను. మొదటి రెండింటిలోను తెరపై నింగ్లీషు పేర్ల పట్టిక వచ్చినది. క్రిందికి మీదికి నొక్కి యెంచుకొనవలెను. మూడవదానిలో పట్టిక లేదు. తిన్నగా ఆటయే మొదలైనది.

"నేను రోజూ పెట్టి ఇస్త గదా" అనెను పిల్లవాడు. "నీవు బడికి బోయిన తరువాతనే గదా ఆమె తీయునది" అంటిని. వాడు చాలసేపు ఎవర్‌డ్రైవును చేతిలో ద్రిప్పుచు నిలుచుండెను. చదువురానివారికి చదువు నేర్పు వస్తువు తెఱువవలెననిన ముందు చదువు రావలెనా? ఆ మాట నేను పైకి ననలేదు, అననక్కఱ లేకపోయినది. వాడు దానిని బల్లమీద మెల్లగా బెట్టి, మూడవదానిని చూపి "దీన్ల సేవ్ ఉంటదా అంకుల్?" అని యడిగెను.

అది మంచి ప్రశ్న. అత్తగారు ఏ యక్షరముదాక వచ్చినది బిళ్ళ గుర్తుంచుకొనవలెను గదా. కొన్ని బిళ్ళలలో జ్ఞాపకము నిలువదు. కొన్నింటిలో బొత్తామువంటి బ్యాటరీ యుండి అది యున్నన్నాళ్ళు నిలుచును. మఱికొన్నింటిలో బ్యాటరీ లేకయే నిలుచు చిప్పు గలదు. మేము మూడవ విధమునే కోరితిమి. పసిపిల్లలున్న యింట బొత్తాము బ్యాటరీలు తక్కువగా నుండుటయే క్షేమము. మ్రింగినచో గొంతులోపలనే కాల్చి ప్రాణాపాయము దెచ్చును. ఇంకొకటి చూడవలెను: జీబీ స్టూడియోలో గట్టిన యాట ఎంబీసీ 5 యను పద్ధతి ననుసరించును, బిళ్ళ ఆ పద్ధతికి లోబడునది కాకున్న నడువదు. ఇది మా వాడే యడిగి తెలిసికొనెను. వ్రాయు పనిముట్టు ఆస్ట్రేలియావారి జీబీఎక్స్ కార్ట్. ఆయనకడ వాడినదొకటి యుండగా తగ్గించి యిచ్చెను. ప్రతి దిద్దుబాటునకు సికింద్రాబాదు రాలేము గదా!

సొమ్మిచ్చుటకుముందు మా యాటను అక్కడనే వ్రాయించి చూచితిమి. మీట వేయగా తెరపై నల్లని పట్టీ యొకటి కనబడి నిలిచిపోయినది. నా గుండె జల్లుమన్నది. ఆయన కంగారుపడలేదు. ఈ పెట్టె తెలివిగలది; బిళ్ళలో నింటెండో వారి ముద్ర, 48 బైట్ల బొమ్మ, ఉండవలెను. పెట్టె ముందుగా దానిని చదివి, తనలోని ముద్రతో పోల్చుకొని, సరిపోయిననే ఆటకు ద్వారము తెఱచునట. ముద్ర సరిగా నందకున్న నిట్లు నిలిచిపోవును. అశోకవనమున సీతమ్మకు హనుమంతు డుంగరము చూపిన కథ నాకు జ్ఞప్తికి వచ్చినది. మా బిళ్ళకు ఉంగరము లేక కాదు, పెట్టె పండ్లకు మకిలి పట్టుటచేత కానరాలేదు. ఆయన దూదిపుల్లతో నైసోప్రొపైలు స్పిరిటు పూసి తుడిచి, ఆఱనిచ్చి, మరల బెట్టెను. ముద్ర కనబడినది, గంట మ్రోగినది, తరువాత నేను గీసిన 'అ' తెరమధ్యను వచ్చి నిలిచినది. గళ్ళ కాగితముమీద నూఱుమారులు చూచిన యక్షరమే. అయినను కొత్తగా నుండెను.

తిరిగివచ్చునప్పటికి చీకటిపడినది. బాన్సువాడ బస్టాండులో మా వారు మోటారు సైకిలుతో వేచియుండిరి. సొమ్ము మిగిలినదా యని మాత్ర మడిగిరి. నూటయిరువది మిగిలినదని చెప్పితిని.

అత్తగారు మఱునాడు ఉదయము మా యెదుట పెట్టెను ముట్టలేదు. మేము చూడనట్లుండవలెనని నేను పిల్లలకు ముందే చెప్పియుంటిని. మధ్యాహ్నము గోడవైపు తిరిగి కూర్చుండిరి. లోపల 'ఆ'కు ఆవు, 'ఈ'కు ఈగ, 'బ'కు బతుకమ్మ బొమ్మలు పెట్టితిమి. ఆ యంత్రమునకు నాలుగు రకముల కూతలే గాని మాట పలుకుట కష్టము గనుక బొమ్మయే గురువు. 'ఋ'కు ఋషిని గీసితిని. అత్తగారు దానిని "ముసలాయన" అని చదివి 'ము' అని గుర్తుపెట్టుకొనిరి. ఆ తప్పు నాది. ఋషి యనిన ఆమె కేమి తెలియును? పది దినములకు అచ్చులు దాటిరి. ఒక్కమారుగూడ మమ్ముల నడుగలేదు.

నిన్న రాత్రి మాత్రము మనుమనిని బిలిచి పెట్టె చూపి, "గీ రెండు ఒక్కతీర్గ ఏడిసినయ్, నీ యవ్వ ఎట్ల గీసింది?" అని గద్దించిరి. చూడగా 'థ', 'ధ'లు. పదునాఱు చుక్కలలో వాటికి భేదము నడిమి చుక్కయొక్కటే. అది నేను సరిగా బెట్టలేదు. ఆదివారమునాడు తుడిచి వ్రాయవలెను. అంతకంటె పెద్దపని యొకటి మిగిలియున్నది. ఆమె పేరు మూడక్షరములు. తుది యక్షరమునకు వత్తు గలదు. వత్తు పెట్టవలెననిన పదునాఱు చుక్కల యెత్తు చాలదు, ఇరువదినాలుగు గావలెను. వాడు తెర అమరిక మార్చుచున్నాడు. నేను గళ్ళ కాగితము మీద ఆ వత్తునే గీయుచున్నాను.